రాళ్ళతో పాటు వచ్చినవి

జూలై 1, మంగళవారం

చెన్నై బస్సులో రాళ్ళు వచ్చాయి. థర్మాకోల్ పెట్టె, తడిసిన పేపర్లు, లోపల సముద్రపు రాళ్ళు. అక్కడెవరో వదిలించుకున్న పాత తొట్టిలోవి. మూత తీయగానే ఒక వాసన. సముద్రం ఇలాగే ఉంటుందేమో. నేను చూడలేదు.

అన్న ఒక్కొక్క రాయినీ పసిబిడ్డకు నీళ్ళు పోసేటట్టు రెండు చేతులా పట్టుకుని శెట్టిగారి నగల అంగట్లోని చేపల తొట్టిలోకి దించాడు. ప్రొద్దుటూరులో ఇన్ని బంగారు అంగళ్ళున్నా ఉప్పునీళ్ళ తొట్టి ఇదొక్కటేనట. వచ్చిన ప్రతివాళ్ళకూ శెట్టిగారు ఆ మాట చెబుతున్నారు.

అన్న ఈ రోజంతా దగ్గలేదు.

జూలై 3, గురువారం

వదిన ఫోన్. పులివెందులలో పుట్టింట్లోనే ఉంది. ఎక్స్‌రే చూసి డాక్టరు ఇక రాతిదుమ్ము పీల్చకూడదన్నాక కూడా అన్న బండల పాలిష్ మిషన్ దగ్గరికే పోతూ వచ్చాడు. అందుకే వెళ్ళిపోయింది.

"ఈ చేపల పనన్నా నిలబడుతుందా మా? మళ్ళ ఆ దుమ్ములోకి పోతే మాత్రం నేను రాను. చెప్పు మీ అన్నకు."

చెప్పాను. నవ్వాడు. శ్రావణం అయ్యాక శెట్టిగారు పులివెందులలో రెండో అంగడి తెరుస్తారు. అక్కడా ఒక తొట్టి. ఇది బాగుంటే రెండింటి పనీ అన్నదే.

"మీ వదినోళ్ళ చీనీతోటకు ఎదురుగానే ఇల్లు తీసుకుంటా పాపా. అప్పుడు యాడికి పోతాదో చూస్తా."

ఇది బాగుండాలి.

జూలై 5, శనివారం

మొదటి బస్సులో మా జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు. అంగడి తెరవకముందు అన్న షట్టరు సగం ఎత్తుతాడు. వంగి లోపలికి పోతాను. లైట్లు వేయకూడదు, రాళ్ళలోనివి దాక్కుంటాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడడం, అంతే. నా జువాలజీ డిగ్రీకి దొరికిన మొదటి పని. ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు.

రాళ్ళ బొక్కల్లోంచి మేము కొనని ప్రాణులు బయటికి వస్తున్నాయి. ఫోన్లో బొమ్మలతో పోల్చుకుంటున్నాను. తెలుగులో వీటికి పేర్లు లేవు. నేనే పెడుతున్నాను.

దారపుకాళ్ళ నక్షత్రం. బొక్కలోంచి సన్నటి చేతులు చాపి నీళ్ళలో తిండి తడుముకుంటుంది. మంచిది. ముళ్ళపురుగు. గులాబిరంగు, రెండు పక్కలా తెల్లటి నూగు. ముట్టుకుంటే వేళ్ళలో దిగుతుంది. చూస్తే భయం, చేసేది మాత్రం చచ్చినవాటిని తిని శుభ్రం చేయడం. గాజుపువ్వు... చాలా అందం. చెడ్డది. ఒకటి ఉంటే తొట్టినిండా అవుతుంది.

పెద్దరాయి మీద గోధుమరంగు బొత్తాలు, చొక్కా బొత్తాలంతేసి, ఒకదాన్నొకటి ఆనుకుని. చిన్నరాళ్ళ మీద కూడా అక్కడక్కడా. వేలి నీడ పడితే ముడుచుకుంటాయి. వీటిలో ఎన్నో రకాలు, బొమ్మల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏవో తేలలేదు. మిగతావి చూడాలి.

జూలై 8, మంగళవారం

నారింజ చేపల జోడీలో ఒకటి లేదు. ముల్లు కూడా మిగల్లేదు.

శెట్టిగారు అన్నతో: "ఏమప్పా ప్రభూ, నీళ్ళలోంచి లేచి యాడికి పోయింటాది? బస్టాండుకా?"

జూలై 9, బుధవారం

టక్. గాజు మీద ఉంగరంతో కొట్టినట్టు. తొట్టి పగిలిందనుకుని గుమాస్తా గాజుల ట్రే ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడట. అందరూ నవ్వారు. అన్న తప్ప.

జూలై 11, శుక్రవారం

పెద్దరాయి బొక్కలో రెండు కళ్ళు, కాడల మీద. ఒకటి నన్ను చూస్తుంటే రెండోది ఇంకో వైపు. ఆకుపచ్చ ఒళ్ళు, బొటనవేలంత. ముందుకాళ్ళు పిడికిళ్ళలా మడిచి పెట్టుకుంది. పిడికిలి రొయ్య. ఆ టక్ దీని దెబ్బే. గవ్వల్ని పగలగొడుతుంది, చేపల్ని చంపుతుంది, ఇలాగే రాళ్ళలో దాక్కుని వస్తుంది. అనుమానం లేదు.

అన్నకు చూపించాను. చాలాసేపు వంగి చూశాడు. "దీనికేనా నా పని పోయేది?"

జూలై 12, శనివారం

బొక్కలో సోడా పోస్తే ఊపిరాడక బయటికి వస్తుందని చదివాను. అన్న సోడా తెచ్చాడు. సిరంజిలోకి ఎక్కిస్తుంటే శెట్టిగారి తల్లి దీపం పెట్టడానికి వచ్చింది.

"ఏం పోస్తాండావు పాపా?"

నేను అన్న వెనక్కి జరిగాను. అన్నే చెప్పాడు. "సోడా, అవ్వా. పోస్తే అది బయటికొచ్చి సస్తాది."

"అంగట్లో ప్రాణం తీస్తారా? లక్ష్మి కూర్చునే తావు ఇది. మీ ఇంటికి తీసకపోయి ఏమన్నా చేసుకోండి. ఈడ మాత్రం ఒక్క పురుగు కూడా చావగూడదు."

"ఆ మాట చేపను తినినదానికి చెప్పాల అవ్వా."

"గమ్మునుండప్పా. ఎగతాళి వద్దు."

శెట్టిగారు తల వంచుకుని తక్కెడ తుడుస్తున్నారు. తల్లి మాటకు ఎదురు లేదు. సోడా అన్న తాగేశాడు.

జూలై 16, బుధవారం

నీలం చేప. సగం ఒళ్ళే మిగిలి తేలుతోంది. పెళ్ళినగలకు వచ్చిన వాళ్ళే ముందు చూశారు. పెళ్ళికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

శెట్టిగారు: "శ్రావణం లోపల ఇది తేల్చప్పా. లేకుంటే తొట్టి తీసేసి ఆ తావులో సోఫా వేసుకుంటా. నాకూ బాధే ప్రభూ, ఏం చేసేది?"

బస్సులో అన్న అన్నాడు, బండల మిషన్ యజమాని మళ్ళీ కబురు పెట్టాడని. వదినకు చెప్పొద్దన్నాడు.

జూలై 19, శనివారం

పెద్దరాయిని తడి గోనెలో చుట్టి ఇంటికి తెస్తున్నాం. రొయ్య అందులోనే ఉండాలి. నీళ్ళు కారుతున్నాయి. పక్కసీటు ఆమె కాళ్ళు పైకి ముడుచుకుంది.

"ఏంది మా మూటలో?"

"రాయి."

"ప్రొద్దుటూరు నుంచి రాయా? మన జమ్మలమడుగులో లేని రాళ్ళా నాయనా?"

బస్సంతా నవ్వు. అన్న కూడా నవ్వాడు, ఈసారి దగ్గు వచ్చేదాకా.

ఇంటికి వచ్చాక, ఎండలో వారం పెడితే అన్నీ చచ్చిపోతాయన్నాను నేను. వారం యాడుందన్నాడు. అమ్మ, కూరగాయలు తరుగుతూనే: "ఉడకబెట్టురా. ఉడికినాక ఏదీ బతకదు." ఆసుపత్రిలో కత్తెరలూ సూదులూ ఉడకబెట్టి రిటైరైన మనిషి. ఇంట్లో దువ్వెనలు కూడా ఉడుకుతాయి.

సరే అనుకున్నాం.

జూలై 20, ఆదివారం

నేనూ అమ్మా చర్చికి. అన్న రాయి దగ్గర ఉండిపోయాడు, ఇడ్లీల పెద్ద గుండిగ పెట్టుకుని. మేము వచ్చేసరికి వంటింట్లో గోడలు చెమటలు కారుతున్నాయి. నీచువాసనకు పక్కింటివాళ్ళు అరుస్తారని కిటికీలు మూసేశాడు. తలుపూ మూసేశాడు. పొద్దున్నుంచీ గరిటెతో రాయిని తిప్పుతూ ఆవిరిలోనే.

గుండిగ అడుగున ఉడికిన పురుగులు. రొయ్య లేదు.

"నోరంతా చేదుగుంది పాపా. రాగిచెంబు నాకినట్టుంది."

అన్నం ముట్టలేదు. సాయంత్రానికి చలి. రెండు దుప్పట్లు. అమ్మకు కూడా ఒళ్ళు వెచ్చగా ఉంది కానీ ఒప్పుకోదు. అన్న పడుకోలేకపోతున్నాడు. కూర్చుంటేనే గాలి అందుతోందట.

జూలై 21, సోమవారం

ఆసుపత్రి. తర్వాత అంబులెన్సు. తర్వాత కడప.

డాక్టరు ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని: "బండల మిషన్ దగ్గర పని చేసేవాడా? ఎప్పటి నుంచి ఇట్ల?" అమ్మ బండల గురించి చెబుతోంది. రాయి ఉడకబెట్టామని నేను చెప్పాలి. స్కూల్లో సిస్టర్ ముందు నిలబడినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మాట పైకి వచ్చేసరికి ఆయన పక్క మంచం దగ్గర ఉన్నాడు.

జూలై 22, మంగళవారం

వరండాలో, ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపూ.

బొత్తాలు.

వాటిలో కొన్ని రకాలకు ఒంట్లో విషం. గాలిలో ఎండితే, వేడినీళ్ళలో వేస్తే, ఆవిరితో పాటు లేస్తుంది. నోరు చేదు, చలి, ఊపిరి అందకపోవడం. ఎక్కడో ఎవరో ఇలాగే రాయి ఉడకబెట్టి ఇల్లంతా ఆసుపత్రి పాలయ్యారు. విరుగుడు లేదు. గాలి అందించి కాచుకోవడమే. చాలామంది లేచి తిరిగారట. వాళ్ళ ఊపిరితిత్తుల్లో ముందే రాతిపొడి ఉందో లేదో రాయలేదు.

మేము చప్పుడు చేసేదాన్ని వెదికాం.

జూలై 23, బుధవారం

చెప్పాను. డాక్టరు నడుస్తుంటే వెనకే నడుస్తూ, మెట్ల దగ్గర అడ్డం నిలబడి. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఫోన్ తీసుకుని చదివాడు. మెట్ల మీదే కూర్చున్నాడు.

"దీని పేరేంది?"

"ఏ రకమో తెలీదు సార్. విషం ఉండేవీ లేనివీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి."

"ఉడకనిది ఒకటి దొరుకుతుందా? ప్రాణంతో? హైదరాబాద్‌లో తెలిసినాయన ఉన్నాడు, పంపించి చూద్దాం. మందు మారదు. కానీ మేం ఏంటితో కొట్లాడతాండామో తెలియాల కదా."

వదిన వచ్చింది. అన్న ఆక్సిజన్ మాస్కులోంచి ఏదో అన్నాడు. "మిషన్‌కు పోలేదు" అంటున్నాడని నేను చెప్పాను. "తెలుసు" అంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది, సంచి ఒళ్ళోంచి దించకుండా.

జూలై 25, శుక్రవారం

ప్రొద్దుటూరు. శ్రావణం మొదలు. అంగడికి మామిడాకులు.

శెట్టిగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. "ఎట్లుండాడు మా ప్రభు?" అట్లాగే ఉన్నాడని చెప్పాను. ఆయన తొట్టి మీద పాత చీర కప్పేశారు, ఎవరూ దగ్గరికి పోకుండా. చేతులకు రెండేసి తొడుగులు, మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకున్నాను. చీర తీశాను. నీళ్ళు మసకగా ఉన్నాయి. మిగిలిన ఒక్క చేప మూలలో. చిన్నరాయి మీద బొత్తాలు, విచ్చుకుని, ఏమీ ఎరగనట్టు.

టక్.

రొయ్య ఇంకో రాతిలో ఉంది.

అవ్వ నా వెనక నిలబడి ఉంది. చేతిలో పసుపు గిన్నె, చూపు బొత్తాల మీద.

"దాన్ని చంపేయ్ పాపా. ఈడ్నే. నేను చెప్తాండా గదా, ఈడ్నే చంపు."

"డాక్టరు ప్రాణంతోనే కావాలన్నారు అవ్వా."

ఆ చిన్నరాయిని నీళ్ళలోంచి పైకి తీయకుండా సీసాలోకి జార్చాను. మూత బిగించాను. అవ్వ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కోడలు వచ్చి లేపబోతే చెయ్యి విదిలించింది.

జూలై 26, శనివారం

సీసా హైదరాబాద్ వెళ్ళింది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేరట. అమ్మ జ్వరం తగ్గింది. తన నోటితోనే చెప్పానని అంటుంది, ఉడకబెట్టమని. ఎవరూ అడగకుండానే అంటుంది, వరండాలో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా.

జూలై 27, ఆదివారం

చర్చికి పోలేదు.

పొద్దున అన్న కళ్ళు తెరిచాడు. వదిన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత నిద్రో, ఏమిటో.

మధ్యాహ్నం మాస్కు మార్చారు. ఇది పెద్దది, బుగ్గలకు పట్టీలు, కొత్త మిషన్, కొత్త శబ్దం. పెట్టినతను ఏమీ చెప్పకుండా పోయాడు.

వదిన నా వైపు చూసింది. "ఇది మేలుకా మా, కీడుకా? నువ్వు చదువుకున్నావు గదా."

నర్సును అడిగి వస్తానని లేచాను. నర్సు కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరొస్తే వాళ్ళను అడుగుదామని అక్కడే నిలబడి ఉన్నాను.