పార్కింగ్‌లో మార్కులు

మే 24, శనివారం

నా నోరు పడిపోను.

నిన్న వేసవి సినిమాల సీజన్ మొదలైంది. అంతరిక్ష నౌక సిరీస్‌లో ఆఖరి భాగం. లానీ పక్కన లేకుండా సినిమా చూడడం పద్నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. మంగళవారం వాడికి మోకాలి ఆపరేషన్ అయింది. ఈ భాగం కోసం పదకొండేళ్ళు ఎదురు చూశాడు. ట్రైలర్లు కూడా చూడడు. థియేటర్లో వేస్తే కళ్ళు మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, పైకే కూనిరాగం తీస్తాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి తిడుతుంటే నేను సారీ చెప్తుంటాను.

ఇవాళ వాడికోసం సినిమా బొమ్మ వేసిన రేకు బకెట్ నిండా పాప్‌కార్న్ పట్టుకెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నానో లేదో, కెప్టెన్ చచ్చిపోయే సీనులో చిన్నపిల్లాడిలా ఏడ్చేశానురా, అనేశాను.

లానీ బకెట్ వైపు చూశాడు. నిన్ను అడిగానట్రా, అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్ళావిడ నాడీన్ గుమ్మం దాకా వచ్చి, పదకొండేళ్ళు ఆయన చెవులు మూసుకున్నాడు, నువ్వొక్క పూట నోరు మూసుకోలేకపోయావా డ్వైట్, అంది. 

మే 30, శుక్రవారం

బడికి సెలవులు. నేను నడిపే స్కూల్ బస్సు డిపోలో ఎండుతోంది, నేను ఇంట్లో ఎండుతున్నాను.

అగ్నిపర్వతం సినిమా చూశాను. లావా బాగుంది. మనుషులే బాగాలేరు. ఊరంతా తగలబడుతుంటే హీరో విడాకులిచ్చిన పెళ్ళాంతో రాజీ పడుతుంటాడు. పదికి నాలుగు.

మా మార్కుల పద్ధతి ఇది: హాల్లో ఒక్క మాట మాట్లాడకూడదు. ఆఖరి పేరు తెరమీద నుంచి పోయేదాకా లేవకూడదు. పార్కింగ్‌లో లానీ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చుని, ఒకటి రెండు మూడు అనుకుని, ఇద్దరం ఒకేసారి వేళ్ళు ఎత్తాలి. ఆ తర్వాతే పోట్లాట. అసలు సినిమా అదే.

ఇవాళ అలవాటు కొద్దీ నాలుగు వేళ్ళు ఎత్తాను. ఎదురుగా వెళ్తున్న కారులోంచి ఎవరో ఆవిడ చెయ్యి ఊపింది.

జూన్ 6

ఫోన్ చేశాను. నాడీన్ తీసింది. మోకాలు కుదురుకుందట, మనిషే కుదురుకోలేదట. క్షమించమన్నానని చెప్పమన్నాను. చెప్పిందట, టీవీ సౌండ్ పెంచాడట.

జూన్ 20, శుక్రవారం

ముసుగు వీరులు ఏడుగురు. ఏడుగురూ ఒకే జోకు వేస్తారు. గంటసేపు మేడలు కూలాయి, ఒక్కడికీ దుమ్ము అంటలేదు. అయినా వాళ్ళలోని మూగ పిల్ల ఎగరడం నేర్చుకునే ఘట్టం మాత్రం బంగారం. లానీ అయితే ఆ పిల్లకి పది, మిగతావాళ్ళకి సున్నా అనేవాడు. నేను కాదనేవాణ్ణి. కాదనడానికైనా ఎవరో ఒకరు ఉండాలి కదా.

బయట టికెట్లు చింపే అమ్మాయితో సినిమా మాట ఎత్తాను. నేను చూడలేదండీ, చెప్పకండి, అంది. దెబ్బకి నోరు మూసుకున్నాను. నేర్చుకున్నాను, ఆలస్యంగా.

జులై 4

స్వాతంత్ర్య దినం కదా, ఊరంతా బాణసంచా చూడ్డానికి పోయింది. హాల్లో నేను, ఏసీ.

జులై 18, శుక్రవారం

డైనోసార్ల సినిమా. మార్కులు గుర్తులేవు. ఎందుకంటే లానీ వచ్చాడు.

నాకు మూడు వరసల ముందు, చేతికర్రతో. నన్ను చూడలేదో, చూడనట్టు నటించాడో. ట్రైలర్లు మొదలయ్యాయి. ఆగస్టులో వచ్చే హత్య సినిమాది వేశారు. దానికోసం నేను ఏడాదిగా కాచుకుని ఉన్నానని వాడికి తెలుసు. వాడి వేళ్ళు చెవుల్లోకి పోయాయి. కూనిరాగం మొదలైంది. ముందాయన తిరిగి ఏదో అన్నాడు. సారీ చెప్పడానికి వాడి పక్కన ఎవరూ లేరు. ఏడుపొచ్చింది. నేనూ చెవులు మూసుకున్నాను.

సినిమా అయింది. అందరూ వెళ్ళిపోయారు. పేర్లు పోతున్నాయి, ఇద్దరం కూర్చునే ఉన్నాం. ఆఖరి పేరు పోగానే వాడు లేచి అవతలి తలుపులోంచి వెళ్ళిపోయాడు. నేను బయటికి వచ్చేసరికి ట్రక్కు లేదు.

జులై 19

వాడి ఇంటి ముందు ఉత్తరాల డబ్బాలో చీటీ వేసి వచ్చాను. పదకొండేళ్ళు నీకు తిరిగివ్వలేనురా, తప్పయింది, అని రాశాను. ఇంకా రెండు పేజీలు రాసి చించేశాను.

ఆగస్టు 1

జవాబు లేదు. సినిమాకి వెళ్ళలేదు.

ఆగస్టు 14, గురువారం, సాయంత్రం ఆరు

హత్య సినిమా రేపే. వారం నుంచి పేపర్ తెరవలేదు, రేడియో పెట్టలేదు.

ఇప్పుడే ఫోన్ మోగింది. లానీ మెసేజ్. ఎనభై రెండు రోజుల తర్వాత. ఇవాళ మధ్యాహ్నం ప్రివ్యూకి వెళ్ళాడట. కింద ఇంకొక్క వాక్యం: హంతకుడు తోటమాలి.

సన్నాసి! ఏడాదిగా కాచుకుని, కళ్ళూ చెవులూ మూసుకుని కాపాడుకున్న సినిమా!

వంటగదిలో నిలబడి ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు చదివానో.

ఆగస్టు 15, శుక్రవారం

తోటమాలే.

లానీ రెండోసారి చూడ్డానికి వచ్చాడు. పక్క సీటే. ట్రక్కు వెనక నేను పది వేళ్ళు ఎత్తాను, వాడు మూడు. పొద్దుగూకేదాకా పోట్లాడుకున్నాం.