ఒకే పాటకు రెండు రాగాలు

1946 మాఘమాసం, శనివారం రాత్రి.

నరసరావుపేటలో ఇవాళ మా లూథరన్ వాళ్లూ బాప్టిస్టు వాళ్లూ కలిసి రెండు రోజుల సభ మొదలుపెట్టారు. మా అబ్బాయి చనిపోయినప్పటి నుంచి గడప దాటని నన్ను, పక్కింటి బాప్టిస్టు మార్తమ్మక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. పాట ఒకటే గానీ మా రాగం వేరు, వాళ్ల రాగం వేరు. ఎవరూ తగ్గలేదు. రెండో చరణానికి పందిరంతా గోలగోల అయింది.

"ఏమే, మీ రాగం ఏంది కుంటుకుంటా నడుస్తది?" అంది మార్తమ్మక్క.

"మీది పరిగెత్తిద్ది, కాస్త ఆపు అక్కా," అన్నాను.

ఇద్దరం పడీపడీ నవ్వాం. అంతలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని, ఇలా నవ్వొచ్చా...

ఇంటికొచ్చాక మా ఆయన, "మగాళ్ల వైపుకి కూడా ఇనపడింది నీ నవ్వు. చానా రోజులైంది ఇని," అన్నాడు.

తప్పు పడతాడేమోనని తల దించుకున్నాను.

"రేపు కూడా మార్తమ్మ పక్కనే కూర్చో," అన్నాడు.