పెట్టెల మధ్య పేపరు

అక్కకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నీ తేనెటీగలు తప్ప. బావ పోయాక నువ్వు నాకు అప్పగించిన పెట్టెలో రాణి లేదు. మూత తీస్తే ఏడుస్తున్నట్టు ఒకటే రొద. గుడ్లు ఒక్కటీ కనిపించలేదు. కొత్త రాణిని తయారుచేసుకోనిద్దామంటే, జతకట్టడానికి మగ ఈగలుండే కాలం దాటిపోయింది. అలాగే వదిలేస్తే ఆ పెట్టె చలికాలం దాటదు.

అందుకని దాన్ని మా పెట్టె మీదకి ఎక్కించాను. నేరుగా కలిపితే వాసన తేడాకి ఒకదాన్నొకటి కుట్టి చంపుకుంటాయి. మధ్యలో న్యూస్‌పేపరు పరిచి, సూదితో నాలుగు చిల్లులు పెట్టాను, అవి దాన్ని కొరికేలోగా వాసనలు కలిసిపోతాయని. అటూ ఇటూ కొరుక్కుంటూ వచ్చినట్టున్నాయి, ఇవాళ పెట్టె ముందంతా కాగితం పొట్టు. ఏ ఈగ నీదో ఏది నాదో ఇప్పుడు నాకే తెలియదు.

ఇక నువ్వడిగిన సంగతి. చలికాలం ఇక్కడుంటానంటే నేను వద్దంటానా? కానీ నువ్వూ నీ మరదలూ ఎందుకు మాటలు మానేశారో మీకే తెలియాలి. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. పొట్టు ఊడుస్తూనే వింది.

"వదినకి వెనకగది ఇద్దాం. తలుపు మాత్రం వెయ్యొద్దు, తెర కట్టండి," అంది.

"తెర ఎన్నాళ్లుంచాలి?" అన్నాను.

"అది మీకెందుకు? తీసేది మేమిద్దరం చూసుకుంటాం."

తెర కట్టాను. బయల్దేరు.

నీ తమ్ముడు