మూడో వారం సీసా

బాన్సువాడ,
సోమవారం.

బిడ్డా శ్రావ్యా,

బాపు దీవెనలు. ఒంట్లో నేను కులాసాగానే ఉన్నాను. హైదరాబాదులో నువ్వూ క్షేమమని తలుస్తాను. మనసు సంగతి మాత్రం ఉత్తరం చివర్లో రాస్తాను. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు కలిపాను, నీ గొంతు వినగానే వేరే మాటలు మాట్లాడి పెట్టేశాను.

మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, మెట్లు ఎక్కుతున్నాను. బీర్కూర్ వైపు వరికోతలు మొదలయ్యాయి, రోడ్డంతా ధాన్యమే. నీ ల్యాబు పరీక్షలకు ప్రతి వారం మా కేంద్రం నీళ్లు సీసాల్లో పట్టి బస్సులో వేస్తూనే ఉన్నాను.

నువ్వు పంపిన ఫలితాలు చదివి కుంగిపోయాను. పదకొండేళ్లుగా ఈ మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్‌ని. ఊరి మోరీల నీళ్లు నల్లగా వచ్చి తేటగా బయటికి పోతుంటే, అదంతా నా చేతి పని అని పొంగిపోయేవాణ్ణి. జనం మింగిన మందులు ఒంట్లోంచి ఈ నీళ్లలోకే వస్తాయని నాకేం తెలుసు? జ్వరం గోలీలను మన తొట్లలోని క్రిములు తినేస్తాయట, ఫిట్స్ మందును మాత్రం ముట్టనే ముట్టవట. వచ్చింది వచ్చినట్టే వాగులోకి పోతోందట! ఆ తేట నీళ్లతోనే పాలకూర పండించి నీకు పంపేవాణ్ణి.

మూడో వారం సీసాలో ఆ మందు ఇరవై రెట్లు ఎందుకుంది, ఎవరైనా పారబోశారా అని అడిగావు. దవాఖాన మీద అనుమానమని పై అధికారులకు రాశానన్నావు. వాళ్లు శుక్రవారం వచ్చారు. దవాఖానలో మందుల స్టోరు చూసే ఆఫ్రీన్‌ను అందరి ముందు నిలదీశారట. సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"చాచా, అల్లా కసమ్, ఒక్క గోలి గూడ మోరీల ఎయ్యలే. రిజిస్టర్ చూపిస్తే గూడ నమ్ముతలేరు. నౌకరీ తీసేస్తమంటుండ్రు. నీళ్లు చూసేది నువ్వే కద, జర చెప్పు!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అని ఇంటికి పంపాను.

పారబోసింది నేనే.

ఆ మూడో వారం ఆదివారం మీ అమ్మ ట్రంకు పెట్టె తెరిచాను. ఆమె పోయి రెండేళ్లయినా అప్పటిదాకా దాన్ని ముట్టలేదు. అడుగున చీరలో చుట్టిన మూట. విప్పితే ఫిట్స్ గోలీలు! ఏడు నెలలవి. ఒక్క గోలీ కూడా తీయలేదు. నువ్వు నెలనెలా పంపినవన్నీ వేసుకుంటున్నానని మనిద్దరికీ చెప్పి దాచిపెట్టింది.

డబ్బాల మీద నీ చేతిరాతతో నెల పేర్లున్నాయి. మొదటిది ఆగస్టు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ నెలలో తాను పనిచేసే అంగన్‌వాడీలో మీ అమ్మ కునుకు తీస్తుంటే ఒక పసిపిల్ల గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఇంటికొచ్చి అరిచాను.

"ఏంది సోనా గీ నిద్ర? గా పిల్లకేమన్న అయితే?"

"నేనేం జెయ్యాలె? గా గోలీలేస్కుంటె కండ్లు మూతలు పడుతున్నయి."

"అయితే ఏస్కోకు పో!"

అన్నాను, మరిచిపోయాను. ఆమె మరవలేదు.

నీ పార్శిల్ నాలుగు రోజులు ఆలస్యమైనందుకే అమ్మ ఫిట్స్ వచ్చి పోయిందని నువ్వు కుమిలిపోతున్నావు. కాదు బిడ్డా. అది ముందే వచ్చినా ఆ మూటలోకే పోయేది. దొరికిన రోజే నీకు చెప్పాల్సింది. చెబితే నేనన్న మాట బయటపడుతుందని భయపడ్డాను. నాలుగు వందలకు పైగా గోలీలు ఒలిచి, నూరి, బకెట్‌లో కలిపి తొట్టిలో పోశాను. నీళ్లలో కలిస్తే మాయమవుతాయనుకున్నాను.

ఈ పొద్దున మున్సిపల్ ఆఫీసుకు పోయి అంతా రాసి సంతకం పెట్టాను. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఆఫ్రీన్ జోలికి ఇక పోబోమన్నారు. దవాఖానకు పోయి ఆ పిల్లకు చెప్పాను. "గిదేంది చాచా..." అంది.

ఈ ఉత్తరాన్ని నీ రిపోర్టుకు జత చెయ్యి. పేరు దాచకు. నాతో మాట్లాడాలనిపించినప్పుడే ఫోన్ చెయ్యి, నేనేమీ అనుకోను. కానీ అమ్మ చావు బరువు ఇక నువ్వు మోయకు. అది నాది.

ఇట్లు,
నీ బాపు,
మోతీరాం