పేరు చదవని చీటీ

రూతూ,

నువ్వు పోయి ఏడాదైంది. మన పాల్మాకుల చర్చి సంఘంలో పాస్టరు అయ్యగారి తప్పులు చెప్పే పని ఇప్పుడు ఇరవై ఏళ్ల మేరీకి ఇచ్చారు. ఇవాళ ఆయన మేం రాసిచ్చిన ప్రార్థన చీటీలు చదవడానికి తీయగానే మేరీ, "అయ్యగారూ, పేర్లు చదవకుండ్రి" అంది.

"సరే బిడ్డా" అన్నాడు.

నిరుడు ఆ మాటే నువ్వు చెప్తే, "నిన్నగాక మొన్న పుట్టి నాకే నేర్పుతవా?" అన్నాడు. నీ మొగుడు కొడుతున్నాడని నువ్వు రాసిన చీటీని పేరుతో సహా చదివాడు. అక్కనై ఉండి నేనూ ఆమెన్ అన్నాను. సాయంత్రానికల్లా అది నీ మొగుడి చెవిన పడింది. ఆ వారమే నిన్ను సమాధి చేశాం.

అయ్యగారు మారాడో, భయపడ్డాడో నాకు తెలియదు. ఇవాళ్టి చీటీల్లో ఒకటి నాది: "మా చెల్లి రూతు జ్ఞాపకార్థం."

ఆయన, "ఒక సహోదరి జ్ఞాపకార్థం" అని చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు.