సగం ఖాళీగా వెళ్ళిన రైలు

కండక్టరు గారికి, పిల్లా నేనూ క్షేమం, నా కోపం కూడా క్షేమమే.

కార్డుకి అటువైపు బొమ్మలో రోలర్ కోస్టర్ రైలు చూశారుగా? మేమూ చూడటమే, ఎక్కింది లేదు. ఇంట్లో కూర్చుని ఫోనులో ఆటకీ ఆటకీ మధ్య ఐదు నిమిషాలు పెట్టి టైములు బుక్ చేశారు, అవేమన్నా మీ బస్సు స్టాపులా? పార్కు ఆ చివర నుంచి ఈ చివరికి పడుతూ లేస్తూ వచ్చేసరికి మా టైము దాటి నాలుగు నిమిషాలైంది.

"మీ టైము అయిపోయింది, ఈవేళ్టికి ఇంక ఖాళీల్లేవు" అంది గేటు దగ్గరమ్మాయి. మా కళ్ళముందే రైలు సగం ఖాళీగా కదిలింది.

"మరి ఆ సీట్లలో దయ్యాలు కూర్చున్నాయా?" అన్నాను.

"సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్."

పోయినేడు ఎత్తు చాలక వెనక్కొచ్చిన పిల్ల, ఏడాదంతా వంటింటి తలుపుకి ఆనుకుని గీతలు గీయించుకున్న పిల్ల! రంగులవాళ్ళొస్తే ఆ గీతల జోలికి పోనివ్వకండి. గ్యాస్ వచ్చిందా? అత్తయ్యగారికి నా నమస్కారాలు.

అన్నట్టు, వెనక్కి తిరుగుతూ మీ కూతురు ఆ అమ్మాయితో ఏమందో తెలుసా?

"మా నాన్నయితే, పరిగెత్తుకొచ్చేవాళ్ళు కనిపిస్తే బస్సు ఆపిస్తారు."

మిగతా తిట్లు అందుకే రాయలేదు.