పడవ దూలయ్యకు, పేరు మా వాడికి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, బూర్గంపాడు మండలంలో గోదావరి ఒడ్డున సొంత ఇంట్లో ఉంటున్న సారంగపాణి అనే నేను, వయసు అరవై తొమ్మిది, బొగ్గు బావిలో ముప్పై నాలుగేళ్లు హాలేజీ డ్రైవరుగా, అంటే బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపేవాడిగా పనిచేసి రిటైరైనవాడిని, తెలివి నిలకడగా ఉండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది. తెలివికి లోటు లేదు. లోటల్లా ఊపిరికే. నాలుగు వాక్యాలు రాస్తే పెన్ను పక్కన పెట్టి ఆయాసం తగ్గేదాకా ఆగాల్సి వస్తోంది. అక్షరాలు అక్కడక్కడ వంకరపోతే అది మతి తప్పడం కింద లెక్క కట్టవద్దని మనవి.

నిరుడు దస్తావేజులు రాసే ఆయన చేత టైపు చేయించిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో అబద్ధం ఏమీ లేదు, కానీ అసలు సంగతే లేదు. మా అబ్బాయి శ్రీశైలం మీద ఐదేళ్లుగా ఉన్న ఒక నింద దించడమే ఈ కాగితం అసలు పని. ఆ నింద పడవ దగ్గర పుట్టింది కాబట్టి ఇంటికన్నా పడవ గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ఇల్లు, ఇంటి వెనక జాగా, బీరువా, అందులో ఉన్నవన్నీ నా భార్య నాంచారమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె ఎవరికి ఇచ్చుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు. నలభై నాలుగేళ్లుగా మొదట నా బొగ్గు బట్టలు, తర్వాత చేపల బట్టలు ఉతికింది. నెలకోసారి ఖమ్మం దాకా బస్సులో, అక్కడ నుంచి రైలులో మధిర వెళ్లి కొడుకును చూసి వస్తుంది. మొదట్లో నన్నూ రమ్మనేది. ఇప్పుడు అడగడం మానేసింది. అందుకు ఆమెను తప్పుపట్టను.

2. మా అమ్మాయి అరుణశ్రీ, చండ్రుగొండలో నర్సు, ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత తీసుకోవాలి. నీళ్ల కింద చేపలను తెర మీద చూపించే యంత్రం ఆమెకే తిరిగి ఇస్తున్నాను. నా రిటైర్మెంటుకు ఆమె కొనిపెట్టింది. అది మునిగిన ప్రతి మొద్దునూ వాలుగ చేపే అంది. ఒకసారి దాన్ని నమ్మి మధ్యాహ్నమంతా ఒక చెట్టు వేరుకు గాలం వేసి కూర్చున్నాను. ఏట్లో నాతో చేపలు పట్టే దూలయ్య తెర వైపు చూసి, "గిది టీవీ అన్నా, చేపలు గిందులనే ఉంటయ్, ఏట్ల ఉండయ్" అన్నాడు. అయినా పడవ ఎక్కిన ప్రతిసారీ దాన్ని వెలిగించాను తల్లీ. నువ్వు కొన్నావని వెలిగించాను.

నా గాలం కర్ర, రీలు, రబ్బరు కప్పల డబ్బా కూడా నీకే. కొర్రమట్ట ఆ రబ్బరు కప్పను నిజం కప్ప అనుకుని మింగుతుంది. చిన్నప్పుడు నువ్వు వాటికి పేర్లు పెట్టేదానివి.

3. ఇక పడవ. ఇంటికైతే నాలుగు దిక్కులా హద్దులు రాయొచ్చు. పడవకు ఏ హద్దులు రాయాలో దస్తావేజులాయనకే తెలియలేదు. అందుకని వస్తువునే వివరిస్తున్నాను.

పద్దెనిమిది అడుగుల మద్దిచెక్క పడవ. ఏరు దాటించే పని మానేసిన ఒక ముసలాయన దగ్గర కొన్నాను. అప్పటికి దానికి రెండు తెడ్లు, ఒక చిల్లు తప్ప ఏమీ లేవు. అడుగున ఫైబర్ పూత వేయించాను. మోటారు బరువు మోయడానికి వెనక పలకను రెండింతలు మందం చేయించాను. పాత జీపు సీటు ఒకటి తెచ్చి, చుట్టూ తిరిగేలా ఇనుప గొట్టం మీద బిగించాను. పట్టిన చేప బతికి ఉండటానికి ముందు వైపు నీళ్ల తొట్టి కట్టి, అందులో గాలి బుడగలు ఊదే చిన్న పంపు పెట్టాను. నా దీపాలూ నా బోల్టులూ ఎక్కే కొద్దీ పడవ నీళ్లలోకి దిగిపోయింది. బావిలో ఏదైనా బిగిస్తే కొండ మీద పడ్డా ఊడకూడదు, నాకు వచ్చిన పని అదొక్కటే. దూలయ్య దాని చుట్టూ తిరిగి చూసి, "గిది పడవనా, టబ్బా?" అని అడిగాడు. సగం ఇనుము పీకేశాను.

చివరగా వచ్చింది కరెంటు మోటారు. డీజిలు మోటారు మోతకు కొర్రమట్ట మడుగు వదిలి పోతుంది. బ్యాటరీ మీద నడిచే ఈ మోటారుకు చప్పుడు ఉండదు. దాని వైరింగ్ మొత్తం శ్రీశైలం చేశాడు. అప్పట్లో వాడికి బూర్గంపాడులో మోటారు వైండింగ్ షాపు ఉండేది, మండలంలో కాలిన మోటారు ఏదైనా వాడి దగ్గరికే వచ్చేది. సీటు పక్కన నడిపే స్విచ్ పెట్టాడు. బ్యాటరీ పెట్టెలో కరెంటు మొత్తం ఆపేసే ఇంకో స్విచ్, ఎర్రది, నేను అడగకుండానే పెట్టాడు. "నాన్నా, మోటారు దగ్గర ఎవలు చెయ్యి పెట్టినా ముందు గీ ఎర్రది తియ్యాలె" అని రెండుసార్లు చెప్పాడు. ఈ మాట తర్వాత అవసరమవుతుంది కాబట్టి రాసి పెడుతున్నాను.

ఈ పడవ, మోటారు, బ్యాటరీ, తొట్టి, సీటు, లంగరు అన్నీ దూలయ్యకు చెందుతాయి. ఏట్లో ఏళ్ల తరబడి నాతో వల పంచుకున్న మనిషి. ఇది దానం కాదు, దయ కాదు. ఎందుకో ఐదో అంశంలో ఉంది.

4. రెండిళ్ల అవతల ఉండే భీమయ్య, నాతో బావిలో ఫిట్టరు, నా డ్రిల్లింగ్ మిషను తీసుకుపోయి బిట్టు విరగ్గొట్టి, విరిగిందే ఇచ్చావని నా మొహం మీదే అన్నాడు. ఆ కోపం నాతోనే వస్తుంది, దాన్ని ఎవరికీ రాయడం లేదు. విరిగిన బిట్టు మాత్రం అతనికి ఇవ్వండి.

అతని మీద రెండో కోపం ఒకటి ఉండేది. రేవులో అందరిముందు "పిలగాని వైరింగే గదా" అని మొదట అన్నది అతనే. ఆ కోపం వెనక్కి తీసుకుంటున్నాను. అతని నోటికి ఆ మాట అందించింది నేను.

5. జరిగింది ఇది. 2019 నవంబరు, పొద్దున ఎనిమిది దాటింది. కిన్నెరసాని గోదావరిలో కలిసే చోట దూలయ్య వల నా మోటారు రెక్కకు చుట్టుకుంది. విడిపించడానికి దూలయ్య నీళ్లలోకి దిగాడు. నేను సీటులో కూర్చున్నాను. ఎర్ర స్విచ్ తీయాలి. తీయలేదు. వల విప్పడం ఎంతసేపులే అనుకున్నాను.

మా బావిలో గంటల భాష ఉండేది. దూరంగా చీకట్లో ఉన్నవాళ్లు తీగ లాగితే నా దగ్గర గంట మోగుతుంది. ఒక గంట అంటే ఆపు. రెండు గంటలంటే నడుపు. ముప్పై నాలుగేళ్లు ఆ రెండు గంటలు వినగానే, బుర్ర సంగతి తర్వాత, నా చెయ్యి ముందు కదిలేది. దూలయ్యవాళ్ల ఏటి పద్ధతి వేరు. నీళ్లలోకి దిగినవాడు పడవను రెండుసార్లు తడితే "ఇంకా కిందనే ఉన్నా, కదలకు" అని. మొదటిసారి కలిసి ఏట్లోకి వెళ్లిన రోజే ఆ సంగతి నాకు చెప్పాడు. నేను తల ఊపాను కూడా.

ఆ పొద్దున అడుగు చెక్క మీద రెండు దెబ్బలు వినిపించాయి. నా చెయ్యి స్విచ్ వేసింది.

వల దారం దూలయ్య ఎడమ చేతి వేళ్లతో సహా రెక్కకు చుట్టుకుంది. మూడు వేళ్లు పోయాయి. వల అల్లుకుని బతికే మనిషికి ఎడమ చేతి వేళ్లు లేకపోతే ఏమవుతుందో ఏటి ఒడ్డు వాళ్లకు చెప్పనక్కర్లేదు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయే ముందు రేవులో జనం మూగి ఏమైందని అడిగారు. "స్విచ్ దానంతట అదే పడ్డది" అన్నాను. ఒక్క వాక్యం. కొడుకు పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, వైరింగ్ ఎవరిదో ఊరందరికీ తెలుసు.

ఎందుకన్నానో రాయాలి. ప్రమాదం ఎరగని డ్రైవరని రక్షణ వారోత్సవాల్లో నాకు గోడ గడియారం ఇచ్చారు. అది ఇంకా హాల్లోనే ఉంది. చేతులారా మనిషి చెయ్యి తీశానని ఆ గడియారం ఉన్న ఇంట్లోకి ఎట్లా పోను అనుకున్నాను. నాలుగు రోజులాగి నిజం చెబుదామనుకున్నాను. నాలుగు రోజులకు శ్రీశైలం షాపు ముందు మోటార్లు తగ్గాయి. నెల తిరిగేసరికి ఒక్కటీ లేదు. వాడు నన్ను ఒక్కసారే అడిగాడు. "నాన్నా, నేను పెట్టిన స్విచ్ అట్ల పడదు. ఎట్ల పడ్డది?" అన్నాడు. అన్నం ముందు నుంచి లేచి పోయాను. నాన్న నన్ను అనలేక లేచిపోయాడని వాడు అనుకున్నాడు. షాపు మూసేసి మధిరలో పత్తి మిల్లులో లెక్కలు రాసే పనికి చేరాడు. ఇంట్లో బల్బు పోయినా వాడు ఇప్పుడు వేరేవాళ్లను పిలుస్తాడని నాంచారమ్మ చెప్పింది. అది విన్న రోజు నేను రెండు పూటలా తినలేదు. అంతకు మించి ఏమీ చేయలేదు కూడా.

కాబట్టి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను: స్విచ్‌లో లోపం లేదు. వైరింగ్‌లో లోపం లేదు. ఎర్ర స్విచ్ తీయనిది నేను, నడిపే స్విచ్ వేసింది నేను, అబద్ధం ఆడింది నేను. నా కొడుకు పనిలో వంక లేదు.

6. ఈ వీలునామాను నేను పోయాక రేవులో అందరిముందు చదివించాలని మొదట రాశాను. ఆ కాగితం తీసుకుని మొన్న దూలయ్య ఇంటికి వెళ్లి, అంతా చెప్పాను. అతని భార్య లాలి నాకు ఇస్తున్న నీళ్ల చెంబు వెనక్కి తీసుకుపోయింది. తర్వాత దూలయ్య అన్నాడు: "నా చేతి ఏళ్లు పోయినయ్, అవి ఎట్లాగూ రావు. ఆ పిలగాని పేరు పోయింది, అది వస్తది. నువ్వు సచ్చినంక సదివితే ఆ పిలగాడు ఎవల్ని తిట్టుకోవాలె అన్నా?"

ఐదేళ్లు ఈ సంగతి గురించి ఆలోచించాను గాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు. చచ్చాక చెప్పడం కూడా అన్నం ముందు నుంచి లేచిపోవడమే. ఇంటికి రాగానే పాత కాగితం చించేసి ఇది మొదలుపెట్టాను.

7. శ్రీశైలానికి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. కోపమని ఎవరూ అనుకోవద్దు. ఆస్తి తీసుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని దస్తావేజులాయన అన్నారు. నాకు వాడి సాక్షి సంతకం కావాలి. చదవకుండా పెట్టవద్దని వాడికి చెప్పమని నాంచారమ్మతో ఫోను చేయించాను. ఆదివారం వస్తానన్నాడట. వచ్చి చదివి, సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయినా నేను పిలవను. అప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉంచి ఇంకో సాక్షిని చూడమని అరుణశ్రీకి చెబుతున్నాను.

రాయాల్సింది అయిపోయింది. చెయ్యి నొప్పిగా ఉంది.

తేదీ: 9 ఫిబ్రవరి 2025, ఆదివారం, బూర్గంపాడు.

(సంతకం) సారంగపాణి

సాక్షులు:

1. (సంతకం) నిర్మలాదేవి, రిటైర్డు టీచరు, పక్కిల్లు. రాసిన ఆయన నా ఎదుట సంతకం చేశారు.

2. (సంతకం) శ్రీశైలం, తండ్రి పేరు సారంగపాణి, మధిర. నా ఎదుటే సంతకం చేశారు. మొత్తం రెండుసార్లు చదివాను. ఐదేళ్ల పాత వైరుతో పడవ దూలయ్య కాకకు ఇవ్వకూడదు, మొత్తం మార్చాలి. నా పనిముట్లు అమ్మేశాను. వచ్చే ఆదివారానికి ఒక టెస్టరు, కటింగ్ ప్లయరు కొని ఉంచు నాన్నా.